కోసేసిన అంచు

కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఫొటోలకు చట్రాలు కట్టే కొట్టు నడిపే ఫ్రేములక్క, అరవై దాటాక లైబ్రరీలో శనివారం క్లాసుకు చేరింది. ఇంటి చరిత్రను ఫోనులోకి ఎక్కించడం అక్కడే నేర్చుకుంది. మేడమీద ఉండే మేనత్తను కూర్చోబెట్టి పాత కబుర్లు రికార్డు చేసింది. గల్లాపెట్టె పైన తనకు ఊహ తెలిసినప్పటి నుంచి వేలాడుతున్న తాత ఫొటోను వంశవృక్షం సైటులో పెట్టింది. ఎవరెవరు చూడొచ్చని సైటు అడిగితే 'కుటుంబం మాత్రమే' అన్న గుర్తును వదిలి 'అందరూ' అన్నదాన్ని నొక్కింది. కొట్టు తెరిచి, తలుపు సగం మూసి కూర్చునే వ్యాపారి ఎవడైనా ఉంటాడా అని ఆవిడ లెక్క. ఆ తెరిచిన తలుపులోంచే ముక్కూ మొహం తెలియని మనిషి నుంచి ఒక సందేశం వచ్చిపడింది. "ఈ ఫొటోలో ఉన్నది మా తాతగారు. మీ గోడమీదికి ఎలా వచ్చారు?"

సందేశం వచ్చింది నిన్న. ఇవాళ మిట్టమధ్యాహ్నం, గాజుపలకల బండి ఇప్పుడే వెళ్లి, కొట్టంతా గడ్డీ రంపంపొట్టూ పరుచుకుని ఉన్నప్పుడు, ఆ మనిషే మెట్లెక్కి వచ్చింది.

కొట్టులోకి వచ్చేవాళ్లను చూడగానే తూకం వేయడం ఫ్రేములక్కకు అలవాటు. కొనేవాళ్లు ముందు గోడకు వేలాడే చట్రాల మూలలు తడుముతారు. బేరమాడేవాళ్లు కుర్చీ లాక్కుంటారు. గొడవకు వచ్చేవాళ్లు గుమ్మంలోనే గొంతు సవరించుకుంటారు. ఈవిడ ఇవేవీ చేయలేదు. తనకంటే కొంచెం చిన్నదై ఉంటుంది. భుజాన సంచీ, కాళ్లకు చప్పుడు చేయని మెత్తటి చెప్పులు. పలకరింపు కూడా లేకుండా గల్లాపెట్టె పైకి చూస్తూ నిలబడిపోయింది.

"ఏం కావాలమ్మా?"

"ఆయన కావాలి," అంది వచ్చినావిడ, వేలు పైకెత్తి.

ఫ్రేములక్కకు విషయం అర్థమైంది. అర్థమైందని మొహంలో కనిపించనిస్తే వ్యాపారం ఎలా సాగుతుంది?

"ఆయన అమ్మకానికి లేడు. మా తాత. కింద గుర్రం బొమ్మ ఉంది, అది కావాలంటే చూడండి."

"తాత అని మీరు సైటులో రాసింది చదివానండీ. ముందు నవ్వొచ్చింది. తర్వాత కూర్చోబుద్ధి కాలేదు." వచ్చినావిడ సంచీలోంచి ఫోను తీసింది. "ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేశాను. తోచక మా ఇంటి ఫొటోలన్నీ ఎక్కిస్తున్నాను. సైటువాళ్లే కబురు పెట్టారు, ఇలాంటి ఫొటోనే ఇంకొకరి దగ్గర ఉందని. ఎవరో మా చుట్టాలు దొరికారనుకున్నాను. తీరా చూస్తే, మా తాతకు మీ ఇంటి పేరు తగిలించి, కొట్టు పెట్టిన మహానుభావుడని పూలదండంత వ్యాసం రాశారు!"

ఫ్రేములక్క కళ్లు ఆవిడ వెనక గోడవైపు పోయాయి. అక్కడ చుట్టచుట్టి నిలబెట్టి ఉంది కొత్త ఫ్లెక్సీ బోర్డు. రేపు పొద్దున బిగించాలి. దానిమీద ఈ తాత మొహమే తలుపంత పెద్దదిగా ముద్రించి ఉంది. 'తాతగారు నాటిన కొట్టు' అన్న మాట కింద రాయించింది తనే. ఇప్పుడా చుట్ట విప్పి ఉంటే ఈ నర్సమ్మ ఏమనేదో!

"చూడండి నర్సమ్మగారూ," అంది, గొంతులో బెల్లం కలుపుకుని. "ఆ రోజుల్లో స్టూడియోకి కోటు ఒక్కటే ఉండేది. ఫొటో దిగడానికి వచ్చినవాళ్లంతా అదే తొడుక్కునేవాళ్లు. మీసాలూ అందరివీ ఒకలాగే ఉండేవి. ఇంత దూరం నుంచి చూస్తే నాకు మా బట్టలకొట్టాయన కూడా మా తాతలాగే కనిపిస్తాడు."

"కోటు స్టూడియోదే అనుకుందాం. వేలు కూడా స్టూడియోదేనా?"

ఫ్రేములక్క తల ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. మోకాలి మీద ఆనించిన ఎడమచేతికి చూపుడువేలు సగమే ఉంటుందని ఆవిడకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు తమ్ముడితో కలిసి ఆ సగం వేలు మీద ఎన్ని కథలు చెప్పుకుందో!

"గాజు కోస్తుంటే తెగింది," అంది.

"ప్రెస్సులో మిషను కింద పడింది," అంది నర్సమ్మ. "మా తాత అచ్చుయంత్రం నడిపేవాడు. గాజు కోశాడని మీకెవరు చెప్పారు?"

ఎవరు చెప్పారు? నాన్న చెప్పాడా? లేదు. వెనక్కి ఎంత తవ్వుకున్నా ఫ్రేములక్కకు నాన్న నోట ఆ మాట విన్న గుర్తు లేదు. గాజుపలకల మధ్య పెరిగిన పిల్లలు గాజుకే తెగిందనుకున్నారు. నాన్న కాదనలేదు. అంతే. కాదనకపోవడాన్ని ఇన్నేళ్లూ రసీదులా దాచుకుంది.

నర్సమ్మ ఫోను బల్లమీద పెట్టి ముందుకు జరిపింది. "నా దగ్గరున్నది చూడండి. మీదాని కంటే కొంచెం ఎక్కువుంది."

అదే కుర్చీ. అదే కోటు. అదే సగం వేలు. ఫ్రేములక్క కన్ను మాత్రం మనిషి మీద నిలవలేదు. చట్రాలు కట్టేవాళ్ల కన్ను ముందు అంచుల మీదికే పోతుంది. తన ఫొటోలో వెనక తెర మీది స్తంభం సగంలో ఆగిపోతుంది. ఇందులో నిండుగా ఉంది. స్తంభం దాటి ఇంకా ఉంది. అక్కడ పొట్టి లాగు తొడుక్కున్న పిల్లాడొకడు నిలబడి ఉన్నాడు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

ఆ పట్టుకున్న చోటు చూడగానే ఫ్రేములక్క ఫోను మీదికి వంగింది.

తన ఫొటోలో ఆ చోట ఒక మరక ఉండేది. కుర్చీ చేతి చివర, చిన్న చిన్న తెల్లటి చుక్కలు. క్లాసులో మరకలు తుడిచే విద్య నేర్పిన రోజు, అందరికంటే ముందు ఆవిడే నేర్చుకుంది. వేలితో అలా రుద్దితే ఫోను మరకను మింగేసి, కింద కర్ర ఎలా ఉండాలో అలా గీసి పెట్టింది. లైబ్రరీ మేడమ్ చూసి, "అది మరకేనని మీకు నమ్మకమేనా?" అని అడిగింది కూడా. "ఇన్నేళ్లుగా తుడుస్తున్న గాజు, నాకు తెలియదా మేడమ్!" అని క్లాసంతా నవ్వించింది తను.

మరక కాదు. పిల్లాడి వేళ్లు. వాణ్ణి ఎవరో ఎప్పుడో కోసేస్తే, మిగిలిపోయిన ఆ కాస్త వేళ్లనూ తను తుడిచేసింది. తుడిచి, 'అందరూ' అని నొక్కి, లోకమంతా చూడమని పెట్టింది.

"ఎవరీ అబ్బాయి?" గొంతులో బెల్లం ఎప్పుడు కరిగిపోయిందో ఆవిడకే తెలియదు.

"మా పెదనాన్న. చిన్నప్పుడే పోయాడు. మా నాన్న అప్పటికి పుట్టలేదు. ఏదో జ్వరం అనేవాళ్లు. మా నానమ్మ ఈ ఫొటో ఎదురుగా కూర్చునేది కానీ పల్లెత్తు మాట మాట్లాడేది కాదు." నర్సమ్మ ఆవిడ మొహం వైపు చూసింది. "ఏమైందండీ? చెయ్యి ఇలా ఇవ్వండి. చల్లబడిపోయింది."

"కాస్త పెద్దది చెయ్యండి. ఆ మొహం."

నర్సమ్మ వేళ్లతో సాగదీసింది. పిల్లాడి మొహం తెరనిండా వచ్చింది. కుడిచెవి తలకు అంటుకుని ఉంది. ఎడమచెవి మాత్రం కప్పు పిడిలాగా బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఆ చెవి మీద పెన్సిలు నిలవదు. ఫ్రేములక్కకు తెలుసు. కొలతలు గీసే చదును పెన్సిలు ఎడమచెవికి పెట్టుకుంటే జారి పడిపోతుందని, జీవితమంతా కుడిచెవికే పెట్టుకున్న మనిషిని ఆవిడ చూసింది. చివరి రోజుల్లో మంచంమీద ఆ చెవి వెనక సబ్బు రాసి తుడిచింది. ఎనభై దాటి బతికిన మనిషి ఆయన. జ్వరంతో చిన్నప్పుడే పోయిన పిల్లాడు ఎలా అవుతాడు?

"ఒక్క నిమిషం కూర్చోండి," అంది. నిచ్చెన వేసుకుని పైకెక్కింది.

చట్రం దించి బల్లమీద బోర్లా పెట్టాక ఆవిడ చెయ్యి ఆగింది. వెనక అట్ట చుట్టూ గోధుమరంగు కాగితపు పట్టీ, నాన్న చేత్తో అంటించింది. మూలల దగ్గర మడత చూస్తే చాలు, ఎవరి పనో చెప్పొచ్చు. అందుకే ఇన్నాళ్లూ దాన్ని విప్పలేదు. క్లాసు కోసం ఫొటో కావలసి వచ్చినప్పుడు కూడా గాజు పైనుంచే తీసింది. ముందుభాగం తీసినట్టే వెనకభాగం కూడా తీసుకోండని మేడమ్ చెప్తే, అట్ట వెనక ఏముంటుందిలే అనుకుంది.

ఏముంటుందో ఆవిడకు కాక ఇంకెవరికి తెలుసు? ఈ కొట్టులో కోసిన ముక్క పారేయరు. ఫొటో చట్రానికి పట్టకపోతే అంచు కోస్తారు. ఆ ముక్కను అట్ట వెనకే దాచి మూసేస్తారు. రేపు గిరాకీ వచ్చి, మా మేనమామ భుజమేదని నిలదీస్తే చూపించాలిగా! పనిలో చేరిన ప్రతి ఒక్కరికీ మొదటిరోజు ఆవిడ చెప్పే మాటే అది. ఆవిడకు నాన్న చెప్పాడు.

ఒక్కసారి లెక్క వేసుకుంది. విప్పకపోతే తాత తాతగానే ఉంటాడు, బోర్డు రేపు పైకెక్కుతుంది, ఈ నర్సమ్మ నాలుగు మాటలు అని వెళ్లిపోతుంది. విప్పితే ఏది పోతుందో తెలియదు. తెలియని నష్టానికి ఎదురెళ్లడం ఎంత తెలివితక్కువో ఆవిడ ఎందరికో బోధించింది. కానీ ఆ వేళ్లు! తను తుడిచేసిన ఆ వేళ్లు!

కత్తి తీసి పట్టీ మీద గీసింది.

అట్ట లేచింది. ముక్క అక్కడే ఉంది, మొహం లోపలికి తిప్పి. తిరగేసి ఫొటో పక్కన పెడితే గాలి దూరనంతగా అతుక్కుంది. సగం స్తంభం నిండు స్తంభమైంది. కుర్చీ చేతి మీది తెల్లటి చుక్కలకు చెయ్యి వచ్చింది, చేతికి పిల్లాడు వచ్చాడు.

"అయ్యో," అంది నర్సమ్మ చిన్నగా. "ఇక్కడున్నాడు."

ఫ్రేములక్క అలవాటు ప్రకారం ఫోను తీసి ముక్కకు ఫొటో తీసింది. మొహాలు పోల్చే యాప్ తన పని తాను చేసుకుపోయింది. తెరమీద రెండు గుండ్రటి కిటికీలు తెరుచుకున్నాయి. ఒకదాంట్లో పొట్టి లాగు పిల్లాడు. ఇంకొకదాంట్లో, కిందటి వారం తనే ఎక్కించిన, కుడిచెవికి పెన్సిలు పెట్టుకున్న ముసలాయన. కింద ప్రశ్న: ఈ ఇద్దరూ ఒకరేనా?

అవును, కాదు, చెప్పలేను. మూడు గుర్తులున్నాయి. వేలు దేనిమీదా పడలేదు.

"ఆ ముసలాయన ఎవరు?" నర్సమ్మ అడిగింది.

"మా నాన్న."

ఇద్దరిలో ఎవరు ముందు కూర్చున్నారో చెప్పడం కష్టం. నర్సమ్మ జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. ఎడమచెవి కప్పు పిడిలా బయటికి వచ్చింది. ఫ్రేములక్క చూసి మొహం తిప్పుకుంది.

"మీ నాన్న బతికే ఉన్నాడా అయితే? ఇన్నాళ్లూ?" అంది నర్సమ్మ. "ఈ ఊళ్లోనే? మా ఇంటి నుంచి బస్సెక్కితే వచ్చేంత దూరంలో?"

"పోయి పన్నెండేళ్లు దాటింది."

"మా నాన్న లేని అన్నకోసం జీవితమంతా..." అంటూ నర్సమ్మ ముక్క మీదికి వంగింది.

ఫ్రేములక్క బుర్రలో మాత్రం ఇంకో తీగ కదిలింది. అన్నయ్య. అత్త రికార్డింగు మొదట్లో ఏదో అంది. అన్నయ్య వచ్చిన రోజు అంటూ ఏదో మొదలుపెట్టింది. ముసలావిడ ఎక్కణ్ణుంచో ఎక్కడికో పోతోందని, కుటుంబం గ్రూపులో పెట్టేముందు ఆ మొదలు కోసి పారేసింది తను. తమ్ముడు కూడా చిన్నదిగా పెట్టక్కా, ఎవడు వింటాడు అన్నాడు. అందరూ బొటనవేళ్లు పెట్టి మెచ్చుకున్నారు.

అదృష్టం ఒక్కటే. అసలుదాన్ని ముట్టుకోవద్దు, నకలు మీదే కత్తెర వెయ్యండని మేడమ్ పట్టుబట్టింది. అసలు ఫోనులోనే ఉంది. వెతికి నొక్కింది.

అత్త గొంతు, కొంచెం గరగరగా: "అన్నయ్య వచ్చిన రోజు వాన. గుమ్మంలోనే నిలబడ్డాడు. కాళ్లకు మట్టి ఉంది, ఇల్లు పాడవుతుంది, రానంటాడు. మా నాన్న ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. అప్పటిదాకా ఇంట్లో నేనొక్కదాన్నే కదా, నాకేమో..."

వెంటనే తన గొంతు, చురుగ్గా: "అబ్బ, అదంతా ఎందుకత్తా! తాత కొట్టు పెట్టిన సంగతి చెప్పు."

ఫ్రేములక్కకు తల కొట్టేసినట్టయింది. చెప్పిందే! ఎదురుగా కూర్చుని, అడగకుండానే చెప్పింది. తనే నోరు మూయించింది.

"ఎవరే అది, నా గొంతుతో మాట్లాడేది?"

మేడమెట్ల మీద అత్త. ఒక చెయ్యి గోడమీద, ఒక చెయ్యి కర్ర మీద. మధ్యాహ్నం కొట్టులోకి దిగినా ఆవిడ ఎప్పుడూ ఒకే స్టూలు మీద, గల్లాపెట్టెకు వీపు పెట్టి కూర్చుంటుంది. మెడ పట్టేస్తుందనుకునేది ఫ్రేములక్క. ఇవాళ అత్త నేరుగా గల్లాపెట్టె పైన గోడవైపు చూసింది. చట్రం దించిన చోట నలుచదరంగా తెల్లటి జాడ మిగిలి ఉంది. అక్కణ్ణుంచి చూపు బల్లమీదికి దిగింది. ఫొటో. పక్కన ముక్క.

"విప్పావన్నమాట," అంది.

"అత్తా, ఈయన ఎవరు?"

"మీ తాత. మీ నాన్న నీతో అబద్ధం చెప్పలేదు. మీ తాతే."

"మరి నీ..."

"నాకు నాన్న కాడు. మా నాన్నకు ఫొటోనే లేదు. ఊరందరికీ చట్రాలు కట్టాడు కానీ తను ఒక్కటీ దిగలేదు. మీ నాన్న ఈయన్ని తెచ్చి గోడకు పెట్టుకుంటానంటే సరే అన్నాను. తండ్రి కదా. పెట్టుకోనీ అనుకున్నా. నాకు చూడబుద్ధి కాదు, అంతే."

ఫ్రేములక్క చుట్టచుట్టిన బోర్డు వైపు చూసింది. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు, ఈ కొట్టు. ఆవిడ బతుకు మొత్తానికి పునాది ఆ ఒక్క వాక్యం. తమ్ముడితో వాదించినా, గిరాకీతో గొప్పలు పోయినా, బోర్డు రాయించినా అదే. కొట్టు పెట్టిన మనిషికి ఉన్న ఒక్క బిడ్డా మేడమీద గదిలో కూర్చుని, తను పంపిన అన్నం తిని, తను కొన్న కళ్లజోడు పెట్టుకుని బతుకుతోంది. ఎవరు ఎవరిని పోషిస్తున్నట్టు?

"అయితే కొట్టు నీదా అత్తా?"

"కొట్టు సంగతి తర్వాత. అది ఎక్కడికీ పోదు." అత్త చివరి మెట్టు దిగి నర్సమ్మ ముందు నిలబడింది. కర్ర చివరతో ఆవిడ జుట్టు కాస్త పక్కకు జరిపి చెవి చూసింది. "ఆ ఇంటిదానివేనన్నమాట. మీ ఇంట్లో ఏం చెప్పారు వాడి గురించి?"

"జ్వరంతో పోయాడని," అంది నర్సమ్మ.

"మీ నానమ్మ ఏడ్చిందా?"

"ఫొటో ఎదురుగా కూర్చునేది. ఏడవడం నేను చూడలేదు. ఎందుకడుగుతున్నారు?"

అత్త ముక్కను చేతిలోకి తీసుకుంది. "పోయాడని కబురు పంపింది మా నాన్నే. పంపమని బతిమాలింది మీ తాత."

"అబద్ధం!" నర్సమ్మ లేచి నిలబడింది. "మా తాత అలాంటివాడు కాదు. కన్నకొడుకు చచ్చాడని ఎవరైనా చెప్పిస్తారా?"

"నేను చిన్నదాన్ని కానీ కళ్లు లేనిదాన్ని కాదమ్మా. ఈ ఫొటో కోసింది ఎవరనుకున్నావు? మా నాన్న కాదు. మీ పెదనాన్నా కాదు. మీ తాతే. ఇదే బల్లమీద. అంచు వంకరపోకుండా స్కేలు రెండోకొస పట్టుకోమని ఈ పిల్లాడికే ఇచ్చాడు. వాడు పట్టుకున్నాడు. కోయడం అయిపోయాక తన ముక్క తనే తీసుకుని, పారేయొద్దు అన్నాడు."

ఫ్రేములక్క చూపు బల్ల అంచుకు అతుక్కుపోయింది. కోసిన ముక్క పారేయకూడదు. పనివాళ్లందరికీ తను మొదటిరోజు చెప్పే మాట.

"ఎందుకు?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"షట్టరు దించు," అంది అత్త.

"ఇప్పుడా? మిట్టమధ్యాహ్నం?"

"దించమన్నానా!"

వ్యాపారం ఉన్న రోజున మధ్యాహ్నం ఆ షట్టరు దిగగా ఎవరూ చూడలేదు. నాన్న పోయిన రోజు కూడా సాయంత్రం దాకా తెరిచే ఉంది. ఫ్రేములక్క కొక్కెం వేసి లాగుతుంటే, ఎదురుగా బట్టలకొట్టాయన బయటికొచ్చి, "ఏమైందక్కా?" అని కేకేశాడు. జవాబు లేకుండానే ఇనుము నేలను తాకింది. కొట్టంతా మసక. ఫ్రేములక్క వెనక్కి వచ్చి ఫోనులో ఎర్రగుర్తు నొక్కి, ఫొటోకీ ముక్కకీ మధ్య పెట్టింది. ఈసారి మధ్యలో నోరు తెరిస్తే ఒట్టు అనుకుంది.

అత్త తన స్టూలు లాక్కుంది. మొదటిసారి గల్లాపెట్టెకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఆయన కొడుకును వదిలించుకున్నాడని అనుకోకండి. దాచాడు. వాడు చచ్చిపోయాడని నమ్మితే తప్ప వెతకడం మానని మనిషి నుంచి దాచాడు."

"ఎవరి నుంచి?" అడిగింది నర్సమ్మ.

అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని, మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీ నానమ్మ నుంచి," అంది.